బీరు పిప్పితో ప్యాకింగ్ దిమ్మెలు: శిలీంధ్రంతో పెంచే పద్ధతి

వంద లీటర్ల బీరు తయారైతే దాదాపు 20 కిలోల తడి పిప్పి మిగులుతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక మైక్రోబ్రూవరీ, అంటే చిన్న బీరు తయారీ కేంద్రం, ఒక్క విడతకు వెయ్యి లీటర్లు కాచిందంటే, ఆ పూట 200 కిలోల పిప్పి ఎవరో ఒకరు ఎత్తుకెళ్లాల్సిందే. చాలాచోట్ల పాడి రైతులు దాణాగా తీసుకెళ్తారు. అది మంచి వాడకం. తాజా పిప్పి అదే రోజు పశువుల ముందుకు చేరుతుంటే దాన్ని వేరే పనికి మళ్లించకండి. అలా చేరక, డ్రమ్ముల్లో పులిసి చెత్తలోకి పోయే పిప్పి గురించే ఈ పద్ధతి. గాజు సీసాలు, పింగాణీ, చిన్న యంత్ర భాగాలు పంపేటప్పుడు థర్మాకోల్ బదులు వాడే దిమ్మెలను దీంతో పెంచవచ్చు. కరిగించి పోయడం, జిగురు పెట్టడం ఏమీ ఉండదు. శిలీంధ్రమే మిశ్రమం మధ్య పోగులు అల్లి ముక్కలన్నిటినీ ఒక్కటిగా పట్టేస్తుంది. అమెరికాలో 2007లో మొదలైన ఎకోవేటివ్ సంస్థ ఈ తరహా ప్యాకింగును మార్కెట్లోకి తెచ్చింది. మూల సూత్రం మన ఊళ్లో పుట్టగొడుగులు పెంచేవాళ్లకు తెలిసినదే.

ఒక సంగతి ముందే గట్టిగా చెప్పాలి. బీరు పిప్పి చాలా బలమైన ఆహారం. మనం పెంచే శిలీంధ్రానికి ఎంత బలమో, మనకు అక్కర్లేని బూజులకూ బ్యాక్టీరియాకూ అంతే బలం. ఈ పనిలో మిశ్రమం నింపి శిలీంధ్రాన్ని పెంచే సంచులు చెడిపోతే, వాటిలో ఎక్కువ భాగం అందువల్లే చెడతాయి. కాబట్టి మిశ్రమంలో పిప్పి మూడో వంతు దాటకూడదు, చేతికొచ్చిన పిప్పిని ఆలస్యం చేయకూడదు, ఆవిరి పట్టడంలో గంట కూడా తగ్గించకూడదు. ఈ మూడూ పాటిస్తే మిగతా పొరపాట్లు సర్దుకోగలిగినవే.

పిప్పిలో ఏముంటుంది

మాల్ట్ చేసిన, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన, బార్లీని పగలగొట్టి, వేడినీళ్లలో నానబెట్టి, తీపి రసాన్ని వడకట్టాక మిగిలేదే పిప్పి. ఈస్ట్ వేసేది ఆ తర్వాత ఆ రసంలోనే కనుక పిప్పిలో ఆల్కహాల్ ఉండదు. పిండి పదార్థం చాలావరకు రసంలోకి వెళ్లిపోయి పొట్టు, పీచు, మాంసకృత్తులు మిగులుతాయి. తడి పిప్పిలో 75 నుంచి 80 శాతం నీరే. ఎండు బరువులో సుమారు ఐదో వంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ, మాంసకృత్తులు. అంటే నత్రజని 3 శాతం పైమాటే.

కార్బన్, నత్రజని నిష్పత్తి పిప్పి ఒక్కదాంట్లో 12 నుంచి 15 మధ్య ఉంటుంది. కట్టెను తిని బతికే శిలీంధ్రాలకు 30, 40 దగ్గర ఉంటే హాయి. నిష్పత్తి అంతకన్నా తగ్గితే, అంటే నత్రజని పెరిగితే, సంచి లోపల వేడి పుడుతుంది, అమోనియా వాసన వస్తుంది, బ్యాక్టీరియా పైచేయి అవుతుంది. నత్రజని తక్కువగా ఉండే పత్తి కట్టె, రంపపు పొట్టు కలపాల్సింది అందుకే. ఇవి దిమ్మెకు ఎముకల్లాంటివి కూడా. పిప్పి పొట్టు మెత్తన, పల్చన. అది ఒక్కటే వాడితే దిమ్మె ఎండాక కుంచించుకుపోయి పెళుసుగా తయారవుతుంది.

ఏ శిలీంధ్రం

రెండిట్లో ఒకటి ఎంచుకోండి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు, అంటే ప్లూరోటస్ జాతి, త్వరగా పాకుతుంది, దొరకడం తేలిక, కొత్తవాళ్ల పొరపాట్లను తట్టుకుంటుంది. దిమ్మె తెల్లగా వస్తుంది, కాస్త మెత్తగా ఉంటుంది. రెండోది గానోడెర్మా. ఇది నిదానంగా పెరుగుతుంది కానీ పైన తోలులాంటి గట్టి పొర కడుతుంది, బరువు మోసే దిమ్మెలకు ఇదే మేలు.

అయితే కోనసీమ, గోదావరి జిల్లాలు, శ్రీకాకుళం వైపు ఉన్నవాళ్లు గానోడెర్మా జోలికి పోకండి. కొబ్బరి మొదలు కుళ్లి, కాండం అడుగున ముదురు ఎరుపు జిగురు కారే తెగులుకు కారణం ఈ జాతి శిలీంధ్రాలే. ఆయిల్ పామ్‌ను కూడా ఇవి వదలవు. బతికున్న గానోడెర్మా సంచి ఒకటి తోట గట్టున పారేస్తే, దాని వల్ల జరిగే నష్టానికి మీరు చేసే దిమ్మెలేవీ సరిపోవు. అలాంటి చోట ప్లూరోటస్ ఒక్కటే వాడండి.

విత్తనాన్ని, అంటే స్పాన్‌ను, జొన్న గింజల మీద పెంచి సంచుల్లో అమ్ముతారు. హిమాచల్‌లోని సోలన్‌లో ఉన్న కేంద్ర పుట్టగొడుగుల పరిశోధన సంస్థ, బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఈ రంగంలో ఎప్పటినుంచో పనిచేస్తున్నాయి. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే దగ్గర్లో ఎవరు తయారు చేస్తున్నారో చెబుతారు. కొనేటప్పుడు గింజలన్నీ తెల్లగా కప్పుకుని ఉన్నాయా, ఎక్కడైనా ఆకుపచ్చ చుక్క ఉందా, సంచి అడుగున పసుపు నీరు చేరిందా చూడండి. మూత దగ్గర వాసన చూస్తే తాజా పుట్టగొడుగు వాసన రావాలి. పులుపు వాసన వస్తే తీసుకోకండి. తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టి నెల లోపు వాడేయండి.

పిప్పి తెచ్చుకోవడం, పిండడం

పిప్పి గుజ్జు తొట్టిలోంచి బయటికి వచ్చేటప్పుడు 70 డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. అప్పుడది చాలావరకు శుభ్రమైనదే. కుప్పగా పోసి వదిలేస్తే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. బ్యాక్టీరియాకు కావలసింది సరిగ్గా అదే. మన ఎండాకాలంలో పొద్దున దించిన పిప్పి మర్నాటికల్లా పులుస్తుంది. కాబట్టి ఏ రోజు కాస్తారో ముందే కనుక్కుని, దించిన ఆరు గంటల లోపు తెచ్చుకునేలా మాట్లాడుకోండి. మూత ఉన్న 50 లీటర్ల డ్రమ్ములు రెండు పట్టుకెళ్లండి. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) మడ్డి, అడుగున మిగిలిన ఈస్ట్ పిప్పిలో కలపొద్దని అక్కడివాళ్లకు చెప్పండి.

తెచ్చాక మూడు పరీక్షలు. మొదటిది వాసన: తాజా పిప్పి తీయగా, ఉడికించిన గోధుమ రవ్వలా ఉంటుంది. పులిసిన మజ్జిగ వాసన వస్తే ఇంకా వాడవచ్చు, మిశ్రమంలో సున్నపురాయి పొడి కాస్త పెంచాలి. వెన్న కుళ్లిన వాసన వస్తే కంపోస్టుకే. రెండోది పీహెచ్ కాగితం: 5.5 చుట్టూ ఉండాలి. 4.5 కన్నా కిందికి దిగితే ఆ సరుకు మానేయండి. మూడోది అయోడిన్: పిండిన రసం ఒక చెంచా తెల్ల పళ్లెంలో పోసి మందుల షాపు టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేయండి. గోధుమ రంగులోనే ఉంటే మంచిది. నల్లటి నీలంగా మారితే పిండి పదార్థం చాలా మిగిలిపోయిందని అర్థం. ఆ పిప్పిని మూడో వంతుకు బదులు ఐదో వంతుకు తగ్గించి వాడండి.

ఇక పిండడం. నైలాన్ జాలీ సంచిలో ఏడెనిమిది కిలోల చొప్పున వేసి, పండ్ల రసం తీసే స్క్రూ ప్రెస్‌లోనో, రెండు చెక్కల మధ్య పెట్టి కారు జాకీతోనో నొక్కండి. 13 కిలోల 600 గ్రాముల తడి పిప్పి దాదాపు 8 కిలోల 600 గ్రాములకు దిగేదాకా పిండాలి. అప్పుడు నీరు 78 శాతం నుంచి 65 దగ్గరికి వస్తుంది. కారిన ఐదు లీటర్ల రసాన్ని మోరీలో పోయకండి, అందులో చక్కెరలు, మాంసకృత్తులు ఉంటాయి, మురికి కాలువలో గబ్బు లేస్తుంది. కంపోస్టు కుప్ప మీద చల్లండి.

అదే రోజు వాడడం కుదరకపోతే నల్ల టార్పాలిన్ మీద రెండు సెంటీమీటర్ల మందంలో పరిచి, గంటకోసారి కలియబెడుతూ ఎండబెట్టండి. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలాలి. అలా ఎండినది గాలి తగలని డబ్బాలో నెలల పాటు నిలుస్తుంది. సగం ఎండినది మూట కట్టకండి, రెండు రోజుల్లో లోపల బూజు పడుతుంది. బూజు పట్టిన పిప్పిని పశువులకు అస్సలు పెట్టకూడదు. అఫ్లాటాక్సిన్ ఉంటే పాలలోకీ వస్తుంది.

మిశ్రమం

ఎండు బరువు 10 కిలోలకు లెక్క ఇది. పిండిన పిప్పి 8.6 కిలోలు, అందులో ఎండు సరుకు 3 కిలోలు. ఎండలో ఆరిన పత్తి కట్టె ముక్కలు 5.5 కిలోలు, పొడవు 5 నుంచి 15 మిల్లీమీటర్లు. రంపపు పొట్టు 2.2 కిలోలు. నీళ్లు 10 లీటర్లు. జిప్సం 100 గ్రాములు, సున్నపురాయి పొడి 100 గ్రాములు. పిప్పి పులిసి ఉంటే సున్నపురాయి పొడి 200 గ్రాములు వేయండి. గోడకు వేసే ఘాటు సున్నం కాదు సుమా, దాంతో పీహెచ్ అమాంతం పెరిగిపోతుంది. మొత్తం 26 కిలోల పైచిలుకు మిశ్రమం వస్తుంది, తేమ 62 శాతం.

పత్తి కట్టె దొరకని చోట రెండు సెంటీమీటర్లకు కత్తిరించిన వరిగడ్డి వాడవచ్చు. దిమ్మె తేలిగ్గా వస్తుంది, అంచులు కొంచెం రాలుతాయి. పత్తి కట్టె తీసుకునేటప్పుడు చివరి మందు కొట్టి ఎన్నాళ్లయిందో రైతును అడగండి. తెగుళ్ల మందులంటేనే శిలీంధ్రాలను చంపేవి కదా. రంపపు పొట్టు ప్లైవుడ్ దుకాణం నుంచి తేకండి, అందులో జిగురు ఉంటుంది. వేప పొట్టు కూడా పనికిరాదు, శిలీంధ్రం సరిగా పాకదు. మామిడి, సుబాబుల్ బాగుంటాయి.

ముందుగా పత్తి కట్టె ముక్కలనూ పొట్టునూ ఆ 10 లీటర్ల వేడినీళ్లతో కలిపి మూడు నాలుగు గంటలు మూత పెట్టండి. నీరు కట్టెలోకి ఇంకాలి, ముక్కల మధ్య నిలవకూడదు. తర్వాత పిప్పి, జిప్సం, సున్నపురాయి పొడి వేసి చేత్తో బాగా కలపండి. ఒక గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఎక్కువైంది, కొంత ఎండు పొట్టు వేయండి. గుప్పిట తెరవగానే ముద్ద విచ్చిపోతే తక్కువైంది. కచ్చితంగా తెలియాలంటే 100 గ్రాములు తూచి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 38 గ్రాములు మిగిలితే లెక్క సరిపోయినట్టు.

కలిపిన మిశ్రమాన్ని రాత్రంతా ఉంచకండి. రెండు గంటల్లో ఆవిరికి ఎక్కాలి.

ఆవిరి పట్టడం

పాలీప్రొపిలీన్ సంచులే వాడాలి. మామూలు పాలిథిన్ కవర్లు 121 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. ఒక్కో సంచిలో రెండు కిలోలు నింపి, మెడకు పీవీసీ పైపు ముక్క తొడిగి, దూది ఉండ బిగించి, దానిపైన కాగితం కట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. కాగితం లేకపోతే ఆవిరికి దూది తడుస్తుంది. తడిసిన దూది గుండా బూజు లోపలికి దారి చేసుకుంటుంది.

ఆటోక్లేవ్ లేదా పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర, అంటే 121 డిగ్రీల్లో, రెండు గంటలు. లెక్క మొదలుపెట్టేది పొయ్యి వెలిగించినప్పుడు కాదు, ఒత్తిడి 15కి చేరాక. కుక్కర్ అడుగున నీళ్లు మొత్తం సమయానికి సరిపడా పోసుకోండి. దించాక వెయిట్ ఎత్తి ఆవిరి వదలకండి, ఒత్తిడి దానంతట అదే దిగాలి. ఒక్కసారిగా వదిలితే సంచులు ఉబ్బి పగులుతాయి, చల్లారేటప్పుడు బయటి గాలిని లోపలికి పీలుస్తాయి.

వరిగడ్డి మీద ముత్యపు చిప్పలు పెంచేవాళ్లు వేడినీళ్లలో గంటసేపు ముంచి సరిపెట్టుకుంటారు. వాళ్లకది సరిపోతుంది, గడ్డిలో బలం తక్కువ కనుక. పిప్పి కలిపిన మిశ్రమానికి అది చాలదు. 100 డిగ్రీలకు చావని బాసిల్లస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఇందులో దండిగా ఉంటాయి. ప్రెషర్ లేకుండా డ్రమ్ములో ఆవిరి పట్టక తప్పకపోతే, వరసగా మూడు రోజులు రోజుకు రెండు గంటలు పట్టండి. మధ్యలో సంచులను మామూలు గది వేడిలో ఉంచాలి. మొదటి రోజు బతికిన బీజాలు రాత్రికి మొలకెత్తుతాయి, మొలకెత్తిన బ్యాక్టీరియా మర్నాటి ఆవిరికి చస్తుంది. సంచులను ఫ్రిజ్‌లో పెడితే బీజాలు మొలకెత్తవు, మూడు రోజుల శ్రమా వృథా.

విత్తనం వేయడం

సంచి మధ్యభాగం 28 డిగ్రీలకు దిగాలి. చేత్తో తాకి చూస్తే పైన చల్లగానే ఉంటుంది, లోపల ఇంకా 40 ఉండవచ్చు. రెండు కిలోల సంచి చల్లారడానికి ఒక రాత్రి పడుతుంది.

ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, గదిలో అరగంట అటూఇటూ తిరగకుండా ఉండండి, ధూళి కిందికి దిగుతుంది. బల్లనూ గ్లౌజులనూ 70 శాతం స్పిరిట్‌తో తుడవండి. స్పిరిట్ ఆరేదాకా దీపం వెలిగించకండి. తడి చేతులతో మంట దగ్గరికి పోతే చేతులు కాలతాయి. సంచికి 200 గ్రాముల స్పాన్, అంటే తడి బరువులో పదో వంతు, వేసి దూది మళ్లీ బిగించి బాగా కుదపండి. మామూలు పుట్టగొడుగుల పెంపకంలో ఇంత వేయరు. ఇక్కడ ఎక్కువ వేయమనడానికి కారణం ఉంది: పిప్పి మీద ఎవరు ముందు పాకితే వాళ్లదే సంచి. నాలుగైదు రోజుల్లో తెలుపు అంతటా పరుచుకోవడం కనిపించాలి.

సంచులను చీకటిగా, 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండే గదిలో వరసగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. పెరిగే శిలీంధ్రం వేడి పుట్టిస్తుంది, సంచి లోపల గది కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ప్లూరోటస్ 32 దాటితే మందగిస్తుంది, 40 దగ్గర చస్తుంది. కాబట్టి ఏసీ లేకుండా చేసేవాళ్లు ఏప్రిల్, మే నెలలు వదిలేయండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ప్రాంతంలో అనువైన కాలం. వానాకాలంలో పెరుగుదల బాగుంటుంది కానీ గాలిలో బూజు బీజాలూ ఎక్కువే. ఏడు నుంచి పన్నెండు రోజుల్లో సంచి తెల్లటి ముద్దలా అవుతుంది.

అచ్చులో పెట్టడం

అచ్చుకు మందపాటి ప్లాస్టిక్ ట్రేలు సరిపోతాయి. చెక్కతో చేస్తే లోపల ప్లాస్టిక్ షీటు అతికించండి, లేకపోతే శిలీంధ్రం అచ్చునే పట్టేస్తుంది, దిమ్మె ఊడిరాదు. గోడలు అడుగు కన్నా పైన కొద్దిగా వెడల్పుగా ఉండాలి. మందం 5 సెంటీమీటర్లు మించనివ్వకండి. అంతకన్నా మందమైతే మధ్యకు గాలి అందదు, పైకి తెల్లగా కనిపించే దిమ్మె ఎండాక లోపల పొట్టులా రాలుతుంది. మూతకూ అడుగుకూ 5 సెంటీమీటర్లకొకటి చొప్పున చిన్న రంధ్రాలు వేయండి.

అచ్చును స్పిరిట్‌తో తుడిచి, తెల్లబడిన సంచి కోసి, గ్లౌజులతో ముద్దను జొన్న గింజంత ముక్కలయ్యేదాకా నలపండి. పోగులు తెగడం చూసి భయపడకండి, తెగిన ప్రతి చివర నుంచీ మళ్లీ పెరుగుతాయి. ఈ దశలో మైదా కలపాలని చెప్పేవాళ్లున్నారు. పిప్పి లేని మిశ్రమానికి అది పనికొస్తుంది. ఇందులో ఉన్న బలం చాలు, మైదా వేస్తే బూజును పిలిచినట్టే.

30, 20, 5 సెంటీమీటర్ల అచ్చు మూడు లీటర్లు. అందులో కిలో 300 గ్రాములు నింపండి. ముందు మూలల్లో, అంచుల్లో వేళ్లతో నొక్కి, తర్వాత మధ్యలో. మూలలు వదులుగా ఉంటే రవాణాలో ముందు విరిగేవి అవే. ప్రతి అచ్చులోకీ తూచి నింపండి. కంటి అంచనాతో నింపితే ఒక్కో దిమ్మె ఒక్కో గట్టితనంతో వస్తుంది, కొనేవాడు రెండోసారి రాడు. పైన చెప్పిన కొలతకు, ఒకటి రెండు సంచులు పోయినా, ఇరవై దిమ్మెల దాకా వస్తాయి.

మూత పెట్టి అదే గదిలో నాలుగైదు రోజులు ఉంచండి. తర్వాత దిమ్మెను అచ్చులోంచి తీసి, శుభ్రమైన పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో జాలీ మీద పెట్టి, అడుగున కొద్దిగా నీళ్లు పోసి మూత వేసి ఇంకో రోజు రెండు రోజులు వదలండి. పైన ముఖమల్‌లాంటి తెల్లటి పొర వస్తుంది. గట్టితనంలో చాలా భాగం ఆ పొరదే. మూత నుంచి చుక్కలు దిమ్మె మీద పడితే అక్కడ పసుపు మచ్చలు వస్తాయి, కాబట్టి మూతను కాస్త వాలుగా పెట్టండి. చిన్న చిన్న మొగ్గలు కనిపించాయంటే శిలీంధ్రం పుట్టగొడుగు కాయాలని చూస్తోంది, వెంటనే ఎండబెట్టడానికి తీయండి. ప్లూరోటస్ గొడుగులు విచ్చుకుంటే గదినిండా బీజాలు రాలతాయి. అవి రోజూ పీల్చేవాళ్లకు దగ్గు, జ్వరం, ఊపిరితిత్తుల అలర్జీ వస్తాయి. ఈ గదిలో పనిచేసేవాళ్లందరికీ ఎన్95 మాస్కు తప్పనిసరి.

ఎండబెట్టడం

మొదట 60 డిగ్రీల దగ్గర, గాలి ఆడేలా, జాలీ మీద 12 నుంచి 24 గంటలు. మొదటి రెండు గంటల తర్వాత పైన ఒక బరువైన జాలీ పెట్టండి, లేకపోతే మూలలు పైకి లేస్తాయి. ఒక్కసారిగా 90 డిగ్రీల్లో పెడితే పైపొర ముందే బిగుసుకుని లోపలి తడి బయటికి రాలేక పగుళ్లు తీస్తుంది. చివర్లో 80 డిగ్రీలకు పెంచి, దిమ్మె మధ్యభాగం 70 దాటాక రెండు గంటలు ఉంచండి. శిలీంధ్రం పూర్తిగా చచ్చేది అప్పుడే.

మన ఎండతో తడి తీసేయడం బాగానే జరుగుతుంది, కరెంటు ఖర్చు సగానికి తగ్గుతుంది. కానీ ఎండ ఒక్కదానితో లోపలి శిలీంధ్రం చావదు. నిద్రపోయి ఉంటుంది, గోదాములో తేమ తగిలితే మళ్లీ లేస్తుంది. కాబట్టి చివరి విడత ఓవెన్‌లో తప్పదు. కిలో 300 గ్రాములతో మొదలైన దిమ్మె 450 నుంచి 500 గ్రాముల మధ్య ఆగాలి. రెండు గంటల తేడాతో తూచిన రెండు బరువులూ దాదాపు ఒకటే అయితే ఎండినట్టు.

ఇదే కొలతలో థర్మాకోల్ ముక్క 60 గ్రాముల దగ్గర ఉంటుంది. మనది ఏడెనిమిది రెట్లు బరువు. కొనేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. విమానంలో పంపే సరుకుకు ఇది లాభం కాదు. లారీలో పోయే గాజు, పింగాణీ, మోటారు భాగాలకు బాగుంటుంది. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మాకోల్ మీద దేశమంతా నిషేధం ఉంది. మండపాల అక్షరాలు, పూల ఆకారాలు అచ్చుపోసి పెంచడానికి కూడా ఇది అనువైన సరుకే. నీటిని బాగా పీలుస్తుంది, కాబట్టి ఐసు వేసి పంపే చేపలకు పనికిరాదు. గోడల్లో వేడి ఆపడానికి వాడాలనుకునేవాళ్లు చెదల సంగతి ముందు చూసుకోండి, ఇది చెదలకు ఇష్టమైన తిండే.

ప్రతి విడత నుంచీ ఒక దిమ్మెను పరీక్షకు పక్కన పెట్టండి. ఒక మనిషి దాని మీద నిలబడితే అణగాలి, విరగకూడదు. నిండు నీళ్ల సీసాను రెండు దిమ్మెల మధ్య పెట్టి అట్టపెట్టెలో సర్ది మీటరు ఎత్తు నుంచి ఆరు ముఖాల మీదా వేయండి. చివరగా దిమ్మెను మధ్యకు విరిచి చూడండి. లోపల కూడా తెల్లటి పోగులు ముక్కలను పట్టుకుని ఉండాలి.

చెడినప్పుడు ఏం చూడాలి

ఆకుపచ్చ పొడి మచ్చ అయితే అది ట్రైకోడెర్మా అనే బూజు. సంచిలో ఎక్కడ మొదలైందో చూస్తే కారణం తెలుస్తుంది. మెడ దగ్గరైతే దూది తడిసింది లేదా విత్తనం వేసేటప్పుడు గాలి ఆడింది. నట్టనడుమ మొదలైతే ఆవిరి లోపలికి అందలేదు, సంచులు మరీ దగ్గరగా పేర్చి ఉంటారు. జొన్న గింజల చుట్టూనే వస్తే స్పానే పాడైనది, అదే లాటులోని మిగతాది కూడా వాడకండి.

సంచి అడుగున తడిసిన మచ్చ, జిగట, పుల్లటి లేదా గబ్బు వాసన, అక్కడ శిలీంధ్రం ఎంతకీ పాకకపోవడం: ఇది బాసిల్లస్. తేమ ఎక్కువైంది, లేదా ఆవిరి సమయం చాలలేదు, లేదా పిప్పి అప్పటికే పులిసిపోయింది. మూడూ ఒకేసారి ఉండడమూ మామూలే. ముందు తేమ సరిచూడండి, అది సరిచేయడం అన్నిటికన్నా తేలిక.

నారింజ రంగు పొడి దూది మీద కనిపిస్తే అది న్యూరోస్పొరా అనే బూజు. దీన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి. ఒక్క రాత్రిలో గదంతా పాకుతుంది. సంచిని కదపకుండా దాని మీద స్పిరిట్‌తో తడిపిన గుడ్డ కప్పి, పెద్ద కవర్లో వేసి, నేరుగా కుక్కర్‌కు తీసుకెళ్లండి. ఆ గది తుడవడం అయ్యేదాకా కొత్త సంచులు కోయకండి.

తెల్లగా పాకి ఒకచోట ఆగిపోయి పసుపు నీరు వదిలితే వేడి ఎక్కువైంది. అమోనియా వాసన కూడా ఉంటే పిప్పి పాలు తగ్గించండి. దిమ్మె ఎండాక పక్కలు పది శాతం కన్నా ఎక్కువ కుంచించుకుంటే నింపింది వదులుగా ఉంది లేదా కట్టె ముక్కలు మరీ సన్నగా ఉన్నాయి.

చెడిన ఏ సంచినైనా ముందు ఆవిరి పట్టి చంపాకే కంపోస్టులో వేయాలి. పచ్చిగా పెరట్లో పోస్తే వచ్చే విడతకు మీ బూజును మీరే పెంచుకున్నట్టు.

మిగిలిన ఈస్ట్‌తో

బ్రూవరీలో పిప్పితో పాటు వాడేసిన ఈస్ట్ కూడా దొరుకుతుంది. దాన్ని మిశ్రమంలో కలపకండి, ఎండు బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. కానీ మీ స్పాన్ మీరే తయారుచేసుకోవాలనుకుంటే అది బంగారం. ఇంగ్లండ్‌లోని బర్టన్ పట్టణంలో 1902 నుంచి, రొట్టె మీద రాసుకునే మార్మైట్ తయారయింది ఇలాంటి బ్రూవరీ ఈస్ట్ నుంచే.

ఈస్ట్ మడ్డిని చల్లటి నీళ్లలో రెండుసార్లు కడిగి తేర్చండి, హాప్స్ చేదు చాలావరకు పోతుంది. చిక్కటి గంజిలా ఉండేలా నీళ్లు కలిపి, లీటరుకు 20 గ్రాముల ఉప్పు వేసి, 50 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచండి. ఆ వేడికి ఈస్ట్ కణాలు చచ్చి, వాటిలోని ఎంజైములే వాటిని కరిగిస్తాయి. 60 దాటితే ఎంజైములు పాడవుతాయి, కరగడం ఆగిపోతుంది. 40 కన్నా తగ్గితే బ్యాక్టీరియా మొదలవుతుంది. ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే నీళ్ల తొట్టి లేకుండా దీనికి దిగకండి. తర్వాత పావుగంట మరిగించి, రాత్రంతా తేరనిచ్చి, పైనున్న గోధుమ రంగు ద్రవాన్ని వంచుకోండి.

లీటరు నీళ్లకు 20 గ్రాముల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 18 గ్రాముల అగార్ (గడ్డకట్టించే సముద్రపు నాచు పొడి), ఈ ద్రవం 30 మిల్లీలీటర్లు కలిపితే శిలీంధ్రం పెంచే పళ్లేలకు సరిపోయే మాధ్యమం వస్తుంది. ద్రవాన్ని చిన్న సీసాల్లో నింపి 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆవిరి పట్టి ఫ్రిజ్‌లో దాచుకోండి. మూత తీసిన సీసా వారం లోపు అయిపోవాలి.